తవిటమ్మ ఏరిన గింజలు

వినేవాళ్ళు వినండి, నిద్రొచ్చేవాళ్ళు పడుకోండి. మధ్యలో లేచి మళ్ళీ మొదట్నుంచి చెప్పమంటే మాత్రం చెప్పను. ఎప్పటి మాట అని అడక్కండి. మా ముత్తవ్వకి వాళ్ళ ముత్తవ్వ చెప్పేనాటికే ఇది పాత కథ.

కొండ కింద ఇప్పలవలస అని ఒక ఊరు. కొండ నిండా ఇప్పచెట్లు. ఈ చెట్టు ఫలానా ఇంటిది, ఆ చెట్టు ఫలానా ఇంటిది అని తాతలనాడే పంచేసుకున్నారు. పువ్వు రాలితే ఏరుకుని తినేవారు. కాయ పండితే గింజ తీసి నూనె ఆడించేవారు. కూరలోకి ఆ నూనే, తలకి ఆ నూనే, దీపంలోకి ఆ నూనే.

ఆ ఊరి తలారి దాలయ్య. చేతిలో కర్ర పట్టుకుని ఊరికి కాపలా కాయడం, దొంగని పట్టడం ఆయన పని. అనుమానం మాత్రం పనితో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. పెళ్ళాం కూర బాగా వండితే, ఇవాళ ఎందుకింత బాగా వండిందా అని చూసేవాడు. కోడి రెండుసార్లు కూస్తే, రెండోసారి ఎవరు కూయించారా అని వెళ్ళేవాడు. అన్నీ చేసేవాడు గానీ ఒక్కటి చేసేవాడు కాదు. ఎవర్నీ మొహం మీద అడిగేవాడు కాదు. అడిగితే దొంగ జాగ్రత్తపడిపోతాడని ఆయన నమ్మకం.

ఊరి చివర తవిటమ్మ అని ఒక ముసలామె ఉండేది. ముందు పుట్టిన ముగ్గురూ పోయాక ఈమె పుట్టిందట. దిష్టి తగలకుండా తల్లి చేటలో వేసి, గుప్పెడు తవుడుకి పక్కింటామెకి ఇచ్చి, మళ్ళీ తెచ్చుకుంది. అలా వచ్చింది ఆ పేరు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, కొండ మీద ఒక్క ఇప్పచెట్టు లేదు. కానీ పొద్దుగూకేసరికి ఆమె గుమ్మంలో దీపం వెలిగేది. ఎవరింట్లో పురుడొచ్చినా ముంతెడు ఇప్పనూనె పట్టుకుని ఆమే ముందొచ్చేది.

చెట్టు లేదు. నూనె ఉంది. ఊరంతా చెవులు కొరుక్కుంది. పురిటింట్లో ఆమె ఇచ్చిన నూనె బిడ్డ మాడుకి అద్దుతూనే కొరుక్కుంది.

ఊరిపెద్ద పెదనాయుడు దాలయ్యని పిలిచాడు.

"ఏరా దాలయ్యా, తవిటమ్మకి గింజలు ఎక్కడ్నించొస్తన్నాయిరా?"

"దొంగతనమే బావూ."

"ఎవులి సెట్టుయి?"

"అందరి సెట్లయ్యీని."

"అయితే పట్టుకురా. మూడు పొద్దులు సూస్తాను. నేదంటే నీ కర్ర ఇంకొకుడి సేతికి ఎల్లిపోద్ది."

మొదటి రోజు తెల్లారగట్ల దాలయ్య తవిటమ్మ వెనకాలే వెళ్ళాడు. ఆమె కొండెక్కలేదు. గెడ్డ ఒడ్డుకి, మద్దిచెట్ల తోపులోకి పోయింది. గెడ్డ అంటే కొండవాగు. ఆ తోపులోకి ఊళ్ళో ఎవరూ వెళ్ళరు. కొమ్మకొమ్మకీ గబ్బిలాలు. తలకిందులుగా వేలాడే పుట్టుక ఏం పుట్టుకని జనానికి అసహ్యం. ఒక్క గబ్బిలం ఇంట్లో దూరితే ఆ ఇల్లు పాడుపెట్టి పోయేవారు. అలాంటి చోట తవిటమ్మ నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. దాలయ్య తుప్పల చాటుకి తప్పుకున్నాడు. గబ్బిలాలకి దండం పెడుతోంది! ఎందుకమ్మా అని అడిగాడా? అడగలేదు.

రెండో రోజు తెల్లారగట్ల ఆమె చెట్ల కింద పాతచీరలు పరిచింది. దాలయ్య తుప్పల చాటునుంచి చూశాడు. దేవుడి ముందు బట్ట పరిచినట్టు పరుస్తోంది! ఎందుకమ్మా అని అడిగాడా? అడగలేదు.

మూడో రోజు తెల్లారగట్ల ఆమె తల పైకెత్తి మాట్లాడింది. "ఏటమ్మా, కొండ మీంచి ఎప్పుడొచ్చినారు? కడుపులు నిండినాయా? సంటిదానికి పాలు సాల్తన్నాయా?" అంటూ చీర మీదనుంచి ఏవో ఏరి బుట్టలో వేసుకుంది. దాలయ్య మెడ చాచి చూశాడు. ఇప్పగింజలు! తళతళలాడుతున్న ఇప్పగింజలు! అడిగాడా? అడగడానికి ఆగితే కదా, అప్పటికే సగం దూరం పరిగెత్తాడు.

"బావూ! దండం పెట్టింది, సీర పరిసింది, మాటాడింది. గబ్బిలాలకి దొంగతనం నేర్పేసింది బావూ! అయ్యి మన సెట్ల మీద పడి కాయలు కోసి దానికి తెచ్చిస్తన్నాయి!"

నవ్వకండి. ఊరంతా నమ్మింది. ఎవరి చెట్టుకి ఎన్ని కాయలు తగ్గాయో ఎవరికి వాళ్ళకి అప్పుడే గుర్తొచ్చింది.

తవిటమ్మని నడివీధిలో నిలబెట్టారు. ఆమె నోరు విప్పబోతే, దొంగ నోటెంట నిజమొస్తాదేటి అని నొక్కేశారు. చివరికి ఆమె పెదనాయుడి కాళ్ళ ముందు కూలబడింది.

"నన్ను ఊరు దాటించీ బావూ. ఆట్ని మాత్రం కదపొద్దు. అయ్యి ఎల్లిపోతే ఇప్ప కాయదు."

"విన్నారా? శాపం పెడతంది!" అన్నాడు దాలయ్య.

ఆమె చెప్పింది కబురు. వాళ్ళు విన్నది శాపం. ఆమెని ఊరు దాటించలేదు, ముసలిదని వదిలేశారు. గబ్బిలాలని మాత్రం వదల్లేదు. మూడు సాయంత్రాలు మద్దితోపులో డప్పులు కొట్టారు, పచ్చి ఆకుతో, ఎండుమిరపతో పొగ పెట్టారు. మొదటి సాయంత్రం అవి లేచి, తిరిగి, మళ్ళీ వచ్చి వాలాయి. రెండో సాయంత్రం సగం రాలేదు. మూడో సాయంత్రం అన్నీ ఒక్కసారి లేచి కొండ అవతలికి పోయాయి. అన్నిటికంటే వెనక ఒకటి, పొట్టకి పిల్లని కరిపించుకుని, బరువుగా ఎగురుకుంటూ పోయింది. దాలయ్య దాన్ని చూశాడు. చూసి మొహం తిప్పుకున్నాడు.

మరుసటి ఏడు ఇప్ప విరగబూసింది. పూసిన పువ్వు పూసినట్టే రాలింది. కాయ సగమే కట్టింది. ముసలిదాని శాపం అన్నారు. రెండో ఏడు ఇంటికి బుట్టెడు గింజలు రాలేదు. ముసలిదాని శాపమే అన్నారు. మూడో ఏడు అదీ లేదు. పొద్దుండగానే తిని పడుకునేవారు. ఆడవాళ్ళ జుట్లు చీపుళ్ళైపోయాయి. బిడ్డ మాడుకి అద్దడానికి చుక్క లేదు. ముసలిది నూనె ఎక్కడో దాచిందన్నారు.

పెదనాయుడు మళ్ళీ దాలయ్యని పంపాడు. "దాని ఇల్లు తవ్వి సూడు."

దాలయ్య వెళ్ళి ఉట్టి చూశాడు, అటక చూశాడు, కుండలు చూశాడు. అన్నీ ఖాళీ. మూలన చాప మీద తవిటమ్మ పడుంది. ఒంట్లో ఇంక ప్రాణం ఎంతో లేదు. ఆయనకి చేతిలో కర్ర బరువనిపించింది. చాప పక్కన కూర్చున్నాడు. పుట్టిన తర్వాత మొదటిసారి ఒక మనిషిని మొహం మీద అడిగాడు.

"తవిటప్పా, ఆ గింజలు నీకెలగొచ్చినాయి?"

"ఇన్నాళ్ళకి అడిగినావా నాయినా," అంది తవిటమ్మ. "గబ్బిలం పండు తెచ్చుకుని, మెత్త తినేసి, గింజ ఉమ్మేస్తాది. ఉమ్మేసింది నానేరుకున్నాను. పాతసీర పరిస్తే మట్టవ్వవు."

"మరి దండవెందుకెట్టినావు?"

"దండవేటి? వొంగి వొంగి నడుం పట్టేస్తే సేతులెత్తి సాగదీసినాను."

"మరి ఆటితో మాటాడేవు?"

"ఇంట్లో ఎవులున్నారు నాయినా, మాటాడ్డానికి?"

దాలయ్యకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఏడ్చాడు.

"నువ్వు సెట్లకి శాపం పెట్టనేదా అప్పా?"

"నానేటి పెడతాను. ఇప్ప పూసినపుడు ఆటి మూతులు సూసినావా ఎప్పుడైనా? పసుపు రాసుకున్నట్టుంతాయి. ఈ సెట్టు పువ్వులో ఎట్టిన మూతి ఆ సెట్టు పువ్వులో ఎడతాయి. అప్పుడు గదా కాయ కట్టేది. నాను రోజూ సూసినాను గాబట్టి నాకు తెలుసు."

"ఇప్పుడాట్ని ఎలగ పిలిసేది?"

"పిలవక్కర్నేదు. డప్పు కొట్టకండి, పొగెట్టకండి. ఊరుకోండి సాలు," అంది తవిటమ్మ. అదే ఆమె చివరి మాట.

దాలయ్య ఊళ్ళోకి వచ్చి అంతా చెప్పాడు. నమ్మారా? ముసలిదాని దయ్యం పట్టిందన్నారు. సరే అనుకుని ఆయన కర్ర తీసుకుని మద్దితోపులో కూర్చున్నాడు. అనుమానం పోలేదు సుమండీ, వైపు మారింది అంతే. డప్పుందా, నిప్పుందా అని కట్టెలకొచ్చినవాణ్ణి అడిగేవాడు. గేదెని తోలుకొచ్చినవాణ్ణి అడిగేవాడు. దగ్గొస్తే అటు పోయి దగ్గమనేవాడు.

అలా ఉండగా ఒక సాయంత్రం పెదనాయుడి కొడుకు పెళ్ళి ఊరేగింపు ఆ దారినే వచ్చింది. దాలయ్య దారికి అడ్డంగా కర్ర పెట్టాడు.

"డప్పులాపండి బావూ."

"పెళ్ళి డప్పు ఆపమనడానికి నీకెన్ని గుండెల్రా!" అన్నాడు పెదనాయుడు.

"ఒక్కమాట అడుగుతాను బావూ. పెళ్ళికొడుకు తలకి నూని రాసినారా?"

అందరూ పెళ్ళికొడుకు వైపు చూశారు. బాసికం కింద ఎండుగడ్డిలా లేచి నిలబడ్డ జుట్టు. ఊళ్ళోకెల్లా ఎక్కువ ఇప్పచెట్లున్న ఇంటి పెళ్ళికొడుకు, తలంటుకి చుక్క నూనె లేకుండా పెళ్ళికి పోతున్నాడు. పెదనాయుడు చూశాడు, చూసి తల దించుకున్నాడు. డప్పులవాళ్ళు ఎవరూ చెప్పకుండానే చేతులు దించారు. ఊరేగింపు చెప్పుల చప్పుడుతో తోపు దాటింది.

ఆ ఏడు ఏమీ రాలేదు. రెండో ఏడు ఒక్క గబ్బిలం వచ్చింది. దాలయ్య ఎవరికీ చెప్పలేదు. చెబితే ఊరంతా చూడ్డానికొచ్చి గోల చేస్తారని అనుమానం. మూడో ఏడు మద్దిచెట్లు మళ్ళీ గబ్బిలాలతో నల్లబడ్డాయి. కొండ మీద ఇప్ప కాసింది. తోపులో మద్దిచెట్ల కింద టపటపమని గింజలు రాలాయి.

గింజలు చూసి పెదనాయుడి పెళ్ళాం బుట్టతో వచ్చి వంగింది. దాలయ్య ముందుకొచ్చాడు.

"తమరికి సెట్లున్నాయి గదమ్మా," అన్నాడు.

ఆవిడ వంచిన నడుం ఎత్తింది. చేతిలో గింజ కింద పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆ తోపుని ఇప్పుడు తవిటమ్మ తోపంటారు. పెళ్ళైనా చావైనా అక్కడికొచ్చేసరికి డప్పు ఆగుతుంది. అక్కడ రాలిన గింజ చెట్టు లేనివాళ్ళది. చెట్టున్నవాళ్ళు ఆ తోపులో చెప్పు తెగినా వంగరు, అవతలికి పోయి బాగుచేసుకుంటారు. ఊళ్ళో పురుడొస్తే మొదటి ముంతెడు నూనె ఆ గింజలదే.

ఇంకొకటి. కొత్త తలారి వచ్చినప్పుడు కర్ర ఇచ్చేది ఊరిపెద్ద కాదు. ఆ తోపులో, గింజలేరుకునే ఒక ముసలామె ఇస్తుంది. ఇచ్చేముందు అడుగుతుంది.

"నన్ననుమానిస్తావేటి నాయినా?"

వాడు అబద్ధం చెప్పకూడదు. "అనుమానిస్తానమ్మా," అనాలి. "కానీ ముందు అడుగుతాను."

అప్పుడు ఆమె కర్ర ఇస్తుంది.