గుసగుసలు వినబడని రాయి

అనగనగా, ఏరు ముందు పుట్టిందో అడవి ముందు పుట్టిందో ఎవరికీ తెలియని కాలంలో, పచ్చటి అడవి ఒకటి ఉండేది. దానికి జూలరాజు అనే సింహం రాజు.

అడవన్నాక తగవులు రాకుండా ఉంటాయా? చిన్న తగవైతే మద్దిచెట్టు దగ్గర ఉడుత తీర్చేది. కాస్త పెద్దదైతే పుట్ట దగ్గర ముంగిస తీర్చేది. అక్కడా తెగకపోతే అందరూ ఏటి దగ్గరకు వచ్చేవారు. ఏటి మధ్యలో, బోర్లించిన బానలా, ఒక నల్లరాయి. దాని మీద తాబేలమ్మ కూర్చునేది. ఆమె మాటే చివరి మాట.

ఆ రాయికి పెద్దల నాటి కట్టుబాటు ఒకటుంది. ఫిర్యాదు చేసేవాళ్ళు ఈ ఒడ్డున, బదులు చెప్పేవాళ్ళు ఆ ఒడ్డున నిలబడాలి. ఏటి హోరులో వినబడాలంటే అరిచే చెప్పాలి. అరిస్తే అడవంతా వింటుంది. రాయి మీద కూర్చున్నవాళ్ళు ఏట్లో దొరికిందే తినాలి, ఒకరు పెట్టింది ముట్టకూడదు. వాళ్ళను రాయి ఎక్కించాలన్నా, దించాలన్నా, అడవి అంతా కలిసి చెప్పాలి. రాజు ఒక్కడి మాట చాలదు.

తాబేలమ్మది మహా బిడియం. నలుగురు తనవైపు చూస్తే చాలు, తల డిప్పలోకి పోయేది. తీర్పు వేళ మాత్రం మెడ చాపి, చెప్పాల్సింది చెప్పి, చటుక్కున లోపలికి లాక్కునేది.

ఒక వేసవిలో జూలరాజుకు మోదుగుచెట్టు నీడ మీద మనసుపడింది. ఆ చెట్టు కింద దూదమ్మ అనే కుందేలు బొరియ ఉంది. రాజు అడవిపందులను పిలిచి బొరియ పూడ్పించాడు, నేల చదును చేయించాడు, హాయిగా కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. దూదమ్మ పిల్లల్ని వెంటేసుకుని ఎండలో నిలబడింది.

ఆమె ఉడుత దగ్గరకు వెళ్ళింది. "రాజుగారి మీద తగవు నా చెట్టు మొయ్యలేదమ్మా" అంది ఉడుత. ముంగిస, "ఇది రాయి దగ్గర తేలాల్సిందే, పద" అని దారి చూపించింది. దూదమ్మ ఏటి ఒడ్డున నిలబడి, ఉన్నదున్నట్టు అరిచి చెప్పింది.

రాజు మీద ఫిర్యాదు ఆ రాయి ఎన్నడూ విని ఎరగదు. అయినా తాబేలమ్మ మెడ చాపి, "పున్నమి నాటి పొద్దున రాజుగారు ఆ ఒడ్డున నిలబడాలి" అంది.

మర్నాడే మంత్రి నక్క వచ్చింది. ఒడ్డున చతికిలబడి మెల్లగా అంది: "అత్తా, రాజుగారి వైపు చెప్పు. గుహలో చల్లటి చోటిప్పిస్తారు. ఈ ఎండలో మాడడం ఎందుకు నీకు?"

తాబేలమ్మవి పాము చెవులు. ప్రతి మాటా విన్నది. కానీ, "ఏమంటున్నావు నాయనా? నీళ్ళ హోరు. గట్టిగా చెప్పు" అంది.

నీళ్ళు తాగుతున్న జింకలు చెవులు నిక్కించాయి. నక్క వాటికేసి చూసి, "అబ్బే, ఎండలు ముదిరాయంటున్నా!" అని అరిచి జారుకుంది.

రెండోసారి నక్క తామరదుంపల మూట నెత్తిన పెట్టుకుని, ఒక దుంగ మీదెక్కి రాయి వైపు తేలుతూ వచ్చింది. సగం దూరం రాగానే దుంగ గిర్రున తిరిగింది. నక్క బుడుంగున మునిగింది. దుంపలన్నీ బాతుల పాలయ్యాయి.

"ఏం బావా, ఈత నేర్చుకుంటున్నావా?" అంది ఒక బాతు, నోటినిండా దుంపతో. "ఈ దుంపలెవరికి?"

"మీకే, మీకే" అంది నక్క, ముక్కులోంచి నీళ్ళు చీదుతూ.

ఇక మూడోసారి, పున్నమి నాటి పొద్దున, రాజే స్వయంగా వచ్చాడు. రెండు ఒడ్డులూ జనంతో నిండిపోయాయి. రాజు నీటి అంచుకు వంగి, పళ్ళ బిగువున అన్నాడు: "తాబేలూ, తప్పు నాదంటే ఈ రాయి మీద నీకు చోటుండదు."

తాబేలమ్మ తల డిప్పలోకి పోయింది. లోపల చీకటిగా, చల్లగా ఉంది. అక్కడే ఉండిపోతే ఎంత బాగుండు అనుకుంది. కానీ ఎండకు దగ్గుతున్న కుందేలు పిల్లల చప్పుడు డిప్పలోకి కూడా వినబడింది.

మెల్లగా మెడ చాపింది. "మహారాజా, హోరులో వినబడలేదు. అందరిలాగే గట్టిగా చెప్పండి."

రాజు నోరు తెరిచాడు. గర్జిస్తే మూడు కొండలు బదులు పలికే గొంతు అది. అంత గొంతులోంచి ఆ ఒక్క మాట బయటికి రాలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"రాజుగారికి గొంతు పట్టినట్టుంది. కాసిని మిరియాలు దంచి పొయ్యండర్రా" అంది ముసలి ఎలుగుబంటి.

ఒడ్డులు రెండూ పకపకా నవ్వాయి. జూలరాజు మీసాలు కూడా కదిలాయి. ఆయన జూలు విదిలించుకుని, ఈసారి అడవంతా దద్దరిల్లేలా చెప్పాడు: "ఆ బొరియ నేనే పూడ్పించాను! నీడ కోసం!"

"ఇప్పుడు వినబడింది" అంది తాబేలమ్మ. "తప్పు మీది మహారాజా. బొరియ మీ పంజాలతోనే తవ్వివ్వాలి. అది పూర్తయ్యేదాకా దూదమ్మా పిల్లలూ మీ గుహలో ఉంటారు. మీరు బయట పడుకుంటారు."

అని చటుక్కున తల లోపలికి లాక్కుంది.

రాజు తవ్వాడు. ఒళ్ళంతా మట్టి. "వాకిలి ఇంకాస్త వెడల్పు చెయ్యండి" అని దూదమ్మ పురమాయించింది. పిల్లలు ఆయన జూలులో దాగుడుమూతలాడారు.

ఆ ఏడాదే పొరుగు అడవి ఏనుగులు, ఏటి పై రేవు తమదేనని రాజు మీదికి వచ్చాయి. యుద్ధం తప్పదనుకున్నారంతా. పెద్ద ఏనుగు మాత్రం, "సొంత రాజుకే తప్పని చెప్పిన తాబేలమ్మ మీకుందటగా? ఆమె చెబితే మేము వింటాం" అంది.

తాబేలమ్మ ఇరువైపులా విని, రేవు జూలరాజు అడవిదేనని తేల్చింది. ఏనుగులు మారుమాట్లాడకుండా వెళ్ళిపోయాయి.

జూలరాజు ఒడ్డున నిలబడి అరిచాడు: "తాబేలమ్మా, చల్లగా ఉండు!"

"వినబడింది మహారాజా" అంటూ ఆమె సిగ్గుతో డిప్పలోకి దూరింది.

అందుకే పిల్లలూ, తీర్పు చెప్పేవారు ఎవరి గుసగుసకూ అందని చోట ఉంటేనే, కుందేలుకైనా రాజుకైనా న్యాయం దక్కుతుంది.