పనస నీడలో కనకాంబరాలు

పరాంకుశం గారు ఏ ప్రశ్నకూ సూటిగా జవాబు చెప్పరు. అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెడతారు. జ్ఞానం కోసం వచ్చి నాలుగు బిందెల నీళ్ళు తోడి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఆయన ఆశ్రమం ముంగిట గుబురైన పనసచెట్టు ఉంది. దాని కింద మిట్టమధ్యాహ్నం కూడా తెల్లవారుజాములాగే ఉంటుంది. ఆ నీడలో వరసగా మట్టికుండీలు, వాటి నిండా కనకాంబరాలు, ఊదారంగు డిసెంబరాలు. అక్కడ కాసేపు కూర్చుంటే ఎందుకొచ్చామో మరిచిపోతాం.

ఒకనాడు మంచు ఇంకా విడవకముందే శిష్యురాలు వకుళమ్మ వచ్చింది. పక్షవాతంతో మంచం పట్టిన భర్తకు ఏళ్ళ తరబడి అన్నీ తానే చేస్తోంది.

“గురువుగారూ, మా చెల్లెలి ఊళ్ళో సముద్రం ఉంది. నాలుగు రోజులు ఒడ్డున ఊరికే కూర్చోవాలనుంది. నిద్రలో కూడా ఆ అలల చప్పుడే. నేను చూసుకుంటాలే వదినా, వెళ్ళిరా అంటాడు మా మరిది. కానీ మా ఆయనకి జావ నా చేత్తో తాగిస్తేనే దిగుతుంది. ఇలా అనిపించడమే పాపమేమోనండీ?” అంటూనే ఏడ్చేసింది.

ఆయన ఆ ఏడుపు కాస్త తగ్గేదాకా ఆగారు. తర్వాత వరస మధ్యలో నిండుగా పూసిన కనకాంబరాల కుండీ చూపించి, “ఇది కాస్త పట్టుకురా తల్లీ,” అన్నారు.

పాక వెనక, ఆకుల సందుల్లోంచి లేత ఎండ జారేచోట, మరికొన్ని కుండీలు కొత్త చిగుళ్ళతో తేరుకుంటున్నాయి. తెచ్చినదాన్ని అక్కడ దించమని, మొగ్గలతో ఉన్న ఇంకో కుండీని ఆయన ఎత్తుకున్నారు. పనస నీడలో పూలు ఎందుకు తరగవో వకుళమ్మకు అప్పుడు తెలిసింది. అయినా మనసొప్పలేదు.

“ఇది ఇంకా బాగానే పూస్తోంది కదండీ. అప్పుడే తెప్పించేశారేం?”

గోడవార ఒక కుండీలో ఎండుపుల్ల ఒకటి నిలబడి ఉంది. ఆయన దానివైపు చూశారు.

“అదీ బాగానే పూసేది. అందుకే నీడలోంచి కదపలేదు,” అన్నారు.

ఆవిడ వంగి ఆ పుల్లను వేలితో తాకి చూసింది. ఇద్దరూ పనస కిందికి తిరిగొచ్చేసరికి మంచు విడిపోయింది. ఖాళీ అయిన చోట కొత్త కుండీని కుదురుగా పెట్టి, పరాంకుశం గారు చేతుల మట్టి దులుపుకున్నారు.

“మీ మరిదికి జావ కాయడం వచ్చునా తల్లీ?”