ఫోనెక్కిన సుబుద్ధి కాలేజీ

తాళ్ళకొండలో సుబుద్ధి డిగ్రీ కాలేజీ అని ఒకటుంది. అందులో పనిచేసేవాళ్ళకి తమంత తెలివిగలవాళ్ళు జిల్లా మొత్తంలో లేరని గట్టి నమ్మకం. "మిగతా కాలేజీల్లో పాఠాలు చెబుతారు, మన కాలేజీలో బుర్ర వాడతారు" అని ప్రిన్సిపాల్ శేషగిరిరావు గారు ప్రతి మీటింగులోనూ అనేవారు. కెమిస్ట్రీ మాస్టారు మృత్యుంజయరావు, గుమాస్తా సన్యాసయ్య తలలూపేవాళ్ళు. ఊపడానికి తలలైతే ఉండేవి, ఆ మాత్రం ఒప్పుకోవాలి.

కరోనా వచ్చింది. కాలేజీలు మూసేసి పాఠాలన్నీ ఫోన్లో చెప్పమని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. కాలేజీలో ఉన్న నియమాలన్నీ ఆన్‌లైన్‌లో కూడా తు.చ. తప్పకుండా పాటించాలని దాని అడుగున ఒక ముక్క రాసి ఉంది. శేషగిరిరావు గారు ఆ ముక్క కింద ఎర్ర సిరాతో గీత గీశారు. అంతే, ముగ్గురూ నడుం బిగించారు.

మొదటి రోజు మొదటి క్లాసు కెమిస్ట్రీ. నలభై మంది పిల్లలు తెరమీదకి వచ్చారు. మృత్యుంజయరావు గారు నియమాల పుస్తకం తీసి మొదటి నియమం చదివారు. క్లాసు జరిగేటప్పుడు ఎవరి ఫోనూ ఆన్‌లో ఉండకూడదు, అందరూ కట్టేయండి అన్నారు. ఇంకేముంది, నలభై మందీ కట్టేశారు. మాస్టారు నల్లటి తెరకి యాభై నిమిషాలు పాఠం చెప్పి, ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత బుద్ధిగా విన్న క్లాసు లేదని మురిసిపోయారు. చివర్లో హాజరు పిలిస్తే ఒక్కళ్ళూ పలకలేదు. నలభై మందికీ ఆబ్సెంట్ వేసి ఇంటికెళ్ళారు.

ఆ నలభై మందిలో అప్పలనరసమ్మ ఒకతి. సముద్రం ఒడ్డున దిబ్బలపాలెం నుంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి పిల్ల. ఈ ఏడు పాసైనట్టు సర్టిఫికెట్ తెస్తే ల్యాబులో ఉద్యోగం ఇస్తామని దగ్గర్లో ఉన్న మందుల కంపెనీ వాళ్ళు మాటిచ్చారు. వాళ్ళ నాన్న వేటకెళ్ళి ఉత్త వలతో తిరిగొచ్చే రోజులు ఎక్కువైపోయాయి. ఆ ఇంటి ఆశంతా ఇప్పుడా ఉద్యోగం మీదే ఉంది.

వాళ్ళింట్లో సిగ్నల్ రాదు. ఊరి చివర ఇసకదిబ్బ ఎక్కితే వస్తుంది. మర్నాడు నరసమ్మ దిబ్బ మీద గొడుగేసుకుని కూర్చుంది. మాస్టారు మళ్ళీ ఫోన్లు కట్టేయమన్నారు గానీ, నిన్న ఆబ్సెంట్ పడ్డవాళ్ళు ఈసారి ఎవరూ కట్టలేదు. మాస్టారు గొడుగు చూశారు. క్లాసు జరుగుతుంటే బయట కూర్చోవడమేమిటి, లోపలికెళ్ళి కూర్చో అన్నారు.

"లోపలికెల్తే మీరు కనపడరండి సార్."

"లోపల కూర్చున్నవాళ్ళందరికీ కనపడుతున్నాను. నీకొక్కదానికే ఎందుకు కనపడను?"

గురువుగారి మాట కదా అని దిబ్బ దిగి ఇంట్లోకెళ్ళింది. సిగ్నల్ పోయింది. క్లాసు మధ్యలో పారిపోయిందని మాస్టారు రాసుకున్నారు. మూడో రోజు నరసమ్మ దిబ్బ మీదే నాలుగు కర్రలు పాతి, పైన దుప్పటి కప్పి, లోపల కూర్చుంది. ఇప్పుడు పద్ధతిగా ఉందని మాస్టారు మెచ్చుకున్నారు.

తర్వాత ప్రాక్టికల్స్ వచ్చాయి. మాస్టారు పరీక్షనాళికలో అమ్మోనియా తయారుచేసి, ఫోనుకి ఆనించి పెట్టి, వాసనెలా ఉందో చెప్పమన్నారు. ఏ వాసనా రావడం లేదని నలభై మందీ ఒకే మాట చెప్పారు. మాస్టారికి ముచ్చెమటలు పట్టాయి. ఘాటుకి తన కళ్ళు ధారలు కడుతున్నాయి, పిల్లలకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. వాసన తెలియకపోవడం ఏ రోగం లక్షణమో ఆ రోజుల్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. పరుగున వెళ్ళి ప్రిన్సిపాల్‌ని తీసుకొచ్చారు. ఆయన ఇంకో నాళిక పట్టించి, మళ్ళీ అడిగి, ఫోన్లోంచి ఒకళ్ళకొకళ్ళకి అంటుకుందని తేల్చేశారు. అంతే, నలభై పేర్లూ ఆసుపత్రికి వెళ్ళిపోయాయి. సాయంత్రానికల్లా నలభై ఇళ్ళ తలుపులకి నోటీసులు అంటించారు. పద్నాలుగు రోజులు ఎవరూ గడప దాటకూడదు. కాలేజీ ఫోనుకి కూడా అంటుకుని ఉంటుందని సన్యాసయ్య దాన్ని వేడినీళ్ళలో సబ్బేసి శుభ్రంగా కడిగాడు. రోగం సంగతి తెలియదు గానీ, ఫోను మాత్రం పోయింది.

నవ్వొస్తుంది గానీ, ఇక్కడ నాకు కోపం కూడా వస్తుంది. ఆ పద్నాలుగు రోజులూ దిబ్బ ఎక్కే వీల్లేక నరసమ్మ ఒక్క పాఠమూ వినలేదు. పాత పుస్తకాలు ముందేసుకుని తనంతట తనే చదువుకుంది. హాజరు లేకపోయినా పరీక్ష రాయనిస్తామని యూనివర్సిటీ వాళ్ళు దయ తలచారు, లేకపోతే ఆ పిల్ల గతి ఏమయ్యేదో.

పరీక్ష కూడా ఫోన్లోనే. వానాకాలం, దిబ్బ మీద డేరా నిలవదు. నరసమ్మ బస్సెక్కి కాలేజీకే వచ్చి, ఇక్కడ కూర్చుని రాస్తానని బతిమాలింది. తెరిచి ఉన్న గది ప్రిన్సిపాల్ గారిదొక్కటే కాబట్టి ఆయన తన బల్లకి ఇవతల కూర్చోబెట్టి, అవతల తన కుర్చీలో కూర్చుని, కొత్త ఫోన్లో ఆ పిల్లని కాపలా కాయడం మొదలుపెట్టారు. పరీక్ష రాసేవాళ్ళ గదిలో ఇంకో మనిషి కనపడకూడదని నియమం. కాసేపయ్యాక కాళ్ళు పట్టేశాయని లేచి, ఆ పిల్ల కుర్చీ వెనక నుంచి అటూ ఇటూ తిరిగారు. ఫోన్లో చూస్తే నరసమ్మ వెనకాల ఎవడో బట్టతల మనిషి.

"నీ వెనక ఎవరది?" అని గద్దించారు.

"మీరేనండి సార్."

"ఎవరైనా సరే, నియమం నియమమే."

ఆయన బయటికి నడిచి, తలుపు వేసి, ఫోన్లో చూసుకున్నారు. ఆ మనిషి లేడు. అమ్మయ్య అనుకున్నారు. కానీ అంతటితో వదిలితే సుబుద్ధి కాలేజీ ఎలా అవుతుంది? పరీక్ష గదిలో దొరికినవాణ్ణి రెండేళ్ళు కాలేజీలో అడుగు పెట్టనివ్వకూడదని ఇంకో నియమం ఉంది. ఫోన్లో పడ్డ బొమ్మ గేటుకి అతికించి, ఈ మనిషిని లోపలికి రానివ్వద్దని వాచ్‌మన్‌కి ఆర్డరు వేసి ఇంటికెళ్ళారు. మర్నాడు వాచ్‌మన్ బొమ్మ చూశాడు, ఆయన్ని చూశాడు, గేటు మూశాడు. ఉద్యోగమంటే ఇలా చేయాలని శేషగిరిరావు గారు వాడి భుజం తట్టి, ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చున్నారు. ఆ రోజునుంచీ ఆయన ఆఫీసు అదే.

రిజల్ట్సు వచ్చాయి. నరసమ్మ ఫస్టుక్లాసు. శనివారంలోగా సర్టిఫికెట్ తెమ్మంది కంపెనీ. దాని మీద ప్రిన్సిపాల్ సంతకం ఉండాలి. సంతకం లేని సర్టిఫికెట్ గేటు దాటకూడదని సన్యాసయ్య అన్నాడు. గేటు లోపలికి తను రాకూడదని ప్రిన్సిపాల్ అన్నారు. గేటుకి అటూ ఇటూ తిరిగి తిరిగి నరసమ్మకి ఏడుపొచ్చింది. చివరికి సన్యాసయ్యకే ఆలోచన తట్టింది, పాఠాలే ఆన్‌లైన్‌లో చెప్పగా లేనిది సంతకమెంత అని. ఆఫీసులో సర్టిఫికెట్ బల్ల మీద పరిచి, తన ఫోన్ దానిమీదకి పట్టాడు. టీకొట్టు దగ్గర ప్రిన్సిపాల్ గారి ఫోన్లో సర్టిఫికెట్ కనపడింది. ఆయన పెన్ను తీసి, సరిగ్గా సంతకం చేయాల్సిన చోటు చూసుకుని, ఫోను అద్దం మీద గుండ్రంగా సంతకం పెట్టారు. ఇదిగో, చెరగకుండా పట్టుకెళ్ళి చూపించు అని ఫోను నరసమ్మ చేతిలో పెట్టారు.

కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీవాడు కరోనా రాకుండా ఆ పిల్ల చేతిలో ఉన్న అన్నిటి మీదా మందు కొట్టి తుడిచాడు. సంతకం పోయింది. లోపల ఆఫీసరు కథంతా విని కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. కానీ ప్రిన్సిపాల్ సంతకంతో ఒక్క కాగితమైనా లేనిదే నేనేం చేయలేనమ్మా అన్నాడు. శుక్రవారం నాడు నరసమ్మ ఫోను తిరిగిచ్చి, జరిగింది చెప్పింది. శేషగిరిరావు గారికి ఒళ్ళు మండిపోయింది. తన సంతకం చెరిపేసుకురావడమా? పైగా వాళ్ళు జాలిపడి ఉద్యోగం ఇచ్చేస్తే తన పరువేం కాను? అంతే, తెల్లకాగితం తెప్పించి, టీకొట్టు బల్ల మీద కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాశారు. స్వయంగా పట్టుకెళ్ళి ఇవ్వమని నరసమ్మకే ఇచ్చారు.

నరసమ్మ బస్సులో చదివింది. ఒకసారి కాదు, మూడుసార్లు చదివింది.

"అయ్యా, అప్పలనరసమ్మ మా కాలేజీలో ఫస్టుక్లాసులో పాసైన మాట నిజమే. కానీ ఆ సంగతి నేను ఇంతవరకూ సంతకం చేసి చెప్పలేదు కాబట్టి ఆమెకి ఉద్యోగం ఇవ్వకూడదు. ఇట్లు, శేషగిరిరావు, ప్రిన్సిపాల్." కింద గుండ్రంగా, నీలం సిరాతో, నిండు సంతకం.

ఆఫీసరు ఉత్తరం చదివాడు. సంతకం చూశాడు. నరసమ్మ ఫైలు తెరిచి దాన్ని అన్నిటికన్నా పైన పెట్టి, సోమవారం నుంచి డ్యూటీకి రమ్మన్నాడు.