గోడకెక్కిన బిందె

చౌడయ్య సామికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవాడు కాదు, అడిగినవాడి ఇంటికి పోయేవాడు. "ప్రశ్న నీ నోట్లో పుట్టలేదు నాయనా, నీ ఇంట్లో పుట్టింది. అక్కడికే పోదాం పద" అనేవాడు. అందుకే ఆయన దగ్గర శిష్యులమని చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నా, ప్రశ్న అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

నాగలింగం అడిగాడు. ఆయనకు పేటలో శనక్కాయల మిల్లు ఉంది. పాత ఇత్తడి సామాన్లంటే ప్రాణం, అందులోనూ పేర్లు కొట్టించిన బిందెలంటే మరీ ప్రాణం. సీమలో ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పుట్టింటివాళ్ళు బిందె పెట్టి, దాని మెడ కింద ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించేవాళ్ళు. కరువొస్తే ఇంట్లోంచి మొదట గడప దాటేది కూడా ఆ బిందే. జొన్నల కోసం బిందె ఇచ్చి, వట్టి చంకతో ఇంటికి తిరిగొచ్చిన ఆడమనిషిని చూసినవాళ్ళకు ఆ సంగతి తెలుసు. చూడనివాళ్ళకు చెప్పినా తెలియదు. అలా పోయిన బిందెలను నాగలింగం పాత సామాన్ల అంగళ్ళలో ఏళ్ళ తరబడి వెతికి కొన్నాడు. మిద్దె మీద పెద్ద హాలు కట్టించి, గోడల నిండా బిగించాడు. పొద్దున్నే మిల్లుకు పోయేముందు ఒక్కో పేరూ చదువుకుంటూ తిరిగేవాడు. చిన్నప్పుడు ఆయన ఇంట్లో ఇత్తడి ముక్క లేదు. వాళ్ళమ్మ మట్టికుండ తీసుకుని బావికి పోతే, ఇత్తడి బిందెలవాళ్ళు తగలకుండా దూరం జరగమనేవాళ్ళు. ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. గోడ మీది బిందెలను చూసుకుంటే మాత్రం గుండెలో ఏదో సర్దుకున్నట్టు ఉండేది.

"సామీ, మనిషి తనకు అక్కర్లేనివి ఎందుకు కూడబెడతాడు? కూడబెట్టడంలో అంత సంతోషం ఎక్కడినుంచి వస్తుంది?" అని అడిగాడు. నిజం చెప్పాలంటే ఆయనకు జవాబు అక్కర్లేదు. సామి అలవాటు తెలిసినవాడు కనుక, ఈ వంకన హాలు తెరిచే రోజుకు సామిని ఇంటికి రప్పించుకోవాలని ఎత్తు వేశాడు. పేట పెద్దలందరినీ పిలిచాడు. వాళ్ళ ముందు సామి నోట ఒక్క మంచిమాట వస్తే చాలు, బిందెల పిచ్చోడని వెనక నవ్వేవాళ్ళ నోళ్ళు మూతపడతాయి.

సామి గడ్డం గోక్కున్నాడు. "ఆకలి ఎరిగినవాడు గింజలు దాచుకుంటాడు. నేనూ దాచుకున్నా, అది నాకు తెలుసు. నీది నాకు తెలీదు. వస్తా, చూపించు" అన్నాడు.

అన్న రోజుకు వచ్చాడు. వెంట తనకు సంగటి వండిపెట్టే ముసలమ్మను కూడా తీసుకొచ్చాడు. ఆమె పేరు ఎవరూ అడిగి ఎరుగరు. అవ్వా అంటే పలికేది. నాగలింగం సామికి కుర్చీ వేయించాడు. అవ్వ గుమ్మం పక్కన నిలబడింది. వచ్చినవాళ్ళలో బియ్యం వ్యాపారి పెద్దన్న నోటి దురుసు మనిషి. "ఏమప్పా నాగలింగం, ఇన్ని బిందెలు పెట్టుకుని మాకు నీళ్ళు మాత్రం ప్లాస్టిక్ సీసాల్లో ఇస్తివే" అన్నాడు. అందరూ నవ్వారు. నాగలింగం కూడా నవ్వాడు. నవ్వుతూనే హాలు మధ్య గోడ దగ్గరికి నడిచాడు.

అక్కడున్నది ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన బిందె. దాని మీది చుక్కల మీద వేలు పెట్టి గట్టిగా చదివాడు. "ఎర్రక్కకు అమ్మ పెట్టినది. కంబాలపల్లె." తర్వాత గొంతు తగ్గించాడు. "ఈ ఎర్రక్క ఎవరో మహాతల్లి. కన్నబిడ్డకు గంజి లేక అమ్మ పెట్టిన బిందె అమ్ముకుంది. ఆ బెంగతోనే కరువులో కన్ను మూసింది." ఈ మాట దగ్గర ఆయన ఎప్పుడూ కొంచెం ఆగేవాడు. వినేవాళ్ళ కళ్ళు చెమర్చేవి. ఆరోజూ ఆగాడు.

"మూయలేదు నాయనా" అంది గుమ్మం దగ్గరి అవ్వ. "బతికే ఉండా. కంబాలపల్లె ఎర్రక్కను నేనే."

నాగలింగం మనసులో మొదట మెదిలింది సంతోషం కాదు. చేతిలోని వస్తువు జారి పగిలినట్టు అయింది. చచ్చిపోయిన ఎర్రక్క ఎంతో బాగుండేది. ఆమె కోసం పదిమంది కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఈమెకు నోట్లో పళ్ళు కూడా లేవు. ఒక మనిషి బతికున్నందుకు తాను నొచ్చుకుంటున్నాడని ఆయనకు తెలిసింది. అయినా నోరు ఊరుకోలేదు.

"నీదేనని గుర్తేంది అవ్వా?" అనేశాడు.

"గుర్తెందుకు నాయనా? నేను ఇమ్మని అడగలేదు కదా."

పెద్దన్న తల దించుకున్నాడు. నాగలింగానికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. "కావాలంటే అడుగవ్వా" అన్నాడు మెల్లగా.

అవ్వ బిందెను చాలాసేపు చూసింది. "మనవరాలు బాలింత. రేపు బావికాడ గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి, తొలి బిందె నీళ్ళు ఇంటికి తేవాల. నా బాలింతప్పుడు నేను దీంతోనే తెచ్చినా. నా కూతురప్పటికి ఇది జొన్నలకు పోయింది, ఎవరి బిందెనో ఎరువడిగి తెచ్చుకుంది పాపం. ఒక్కరోజుకు ఇయ్యి నాయనా. తోమి మళ్ళా తెచ్చిస్తా."

"ఒక్కరోజుకు కాదవ్వా. నీకే ఇస్తున్నా, తీసుకో" అన్నాడు నాగలింగం. జనం చప్పట్లు కొట్టారు. ఆయనకు ఒళ్ళు తేలికైనట్టయింది. ఇప్పుడొస్తుంది మంచిమాట అని సామి వైపు చూశాడు. సామి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నాగలింగం మిల్లు ఫిట్టరు వలీని పిలిచి బిందె దించమన్నాడు. వలీ పానా పట్టుకుని వచ్చి, గొంతు బాగా తగ్గించి, "అన్నా, ఇది గోడ మీద ఉంటేనే మేలేమో" అన్నాడు. ఇంతమందిలో ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమంటున్నాడని నాగలింగానికి ఒళ్ళు మండింది. "దించరా" అన్నాడు.

బోల్టు ఊడింది. నాగలింగం బిందెను రెండు చేతులా అందుకుని అవ్వ చేతుల్లో పెట్టాడు. ఆమె చంకకెత్తుకుంది. ఎత్తుకున్న తీరు చూస్తే అది ఆ నడుమును వదిలి ఇన్నేళ్ళయిందంటే ఎవరూ నమ్మరు. తర్వాత, బావికి పోయేముందు ఏ ఆడమనిషైనా చేసినట్టే, లోపల దుమ్ముందేమోనని వంచి చూసింది. అడుగు నుంచి వెలుతురు వచ్చి ఆమె కంట్లో పడింది. చెయ్యి లోపలికి పోనిచ్చింది. ఆమె వేలు బిందె అడుగున బయటికి వచ్చింది.

గోడకు ఆనించి బిగించడానికి ప్రతి బిందెకూ అడుగున బెజ్జం కొట్టమని వలీతో చెప్పింది నాగలింగమే. కొడుతున్నంతసేపూ పక్కనే నిలబడి, వంకర పోకుండా చూసుకున్నాడు కూడా. బిందె గోడకు బిగిస్తున్నామనే ఆయనకు అప్పుడు తోచింది. నీళ్ళ బిందెకు బెజ్జం పెడుతున్నామని ఒక్కసారి కూడా తోచలేదు.

అవ్వ వేలు వెనక్కి తీసుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు, ఉంటే బాగుండేది. బిందెను నేల మీద పెట్టింది. "చచ్చిపోయిందని నువ్వు చెప్పింది నిజమేలే నాయనా" అంది.

నాగలింగం ఆమె ముందు కూలబడ్డాడు. "కంచరాయనను ఇప్పుడే పిలిపిస్తా అవ్వా. బెజ్జానికి మాటు వేయిస్తా. రేప్పొద్దున్నకు నీళ్ళు నిలుస్తాయి" అన్నాడు.

చౌడయ్య సామి లేచాడు. గోడల వెంట ఈ చివర నుంచి ఆ చివరిదాకా, ఒక్కో పేరు దగ్గర ఆగుతూ నడిచాడు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెడుతూ వెనక్కి తిరిగాడు.

"వేయించు నాయనా. ఎంతమందికి వేయిస్తావు?" అన్నాడు.