దక్షిణపు ఆసనం మీద ఆర్జవుడు

పూర్వం నీలవర్ధనుడనే రాజు కౌశేయదేశాన్ని ఏలుతున్న కాలంలో వానలు మొహం చాటేసి, నదులు ఇసుక మేటలై, ఆవులు పాలివ్వడం మానేసి, చివరికి జనం ఆకాశం వంక చూడటం కూడా మానేశారు. అప్పుడా ధర్మాత్ముడు వానకోసం యాగం తలపెట్టి, మంత్రాలు పఠించే హోతగా బృహద్వాక్కును, చేతులతో చేయవలసినదంతా చేసే అధ్వర్యుడిగా వృద్ధుడూ కర్మకోవిదుడూ అయిన అశ్మకుణ్ని వరించి, అందరికీ పెద్దదిక్కయిన బ్రహ్మస్థానానికి మాత్రం ఆర్జవుడనే యువకుణ్ని పిలిపించాడు.

బ్రహ్మ అంటే ఇక్కడ చతుర్ముఖుడు కాడు. యాగంలో ఆ పేరుతో ఒక ఋత్విక్కు ఉంటాడు. ఆయనకు మూడు వేదాలూ తెలిసి ఉండాలి, తెలిసినా నోరు విప్పకూడదు. యముడి దిక్కయిన దక్షిణానికి వీపు పెట్టి కూర్చుని, మిగతావాళ్లు చేసేదంతా చూస్తూ ఉండాలి. తప్పు జరిగితే మౌనం వీడి, ఫలానాది తప్పని చెప్పి, ప్రాయశ్చిత్తం చేయాలి. జరగకపోతే లేచి ఇంటికి పోవాలి. ఉద్యోగమంటే అదే.

ఆ ఆసనం ఆర్జవుడి గురువు దీర్ఘతపుడిది. ఆయన తపస్సుకు హిమాలయాలకు పోతూ, "ఇకమీదట మా ఆర్జవుడు కూర్చుంటాడు" అని రాజుకు కబురు పంపాడు. ఆ పొద్దున మిగతా శిష్యులంతా సమిధలకోసం అడవికి పోయారనీ, వాకిట్లో తనొక్కడే కనపడ్డాడు కనక తన పేరే ఆయన నోటికి వచ్చిందనీ ఆర్జవుడి గట్టి నమ్మకం. మూడు వేదాలూ వల్లించిన ఏళ్లు అతనికి లెక్కలోకి రావు. ఒకనాడు పాఠంలో స్వరం తప్పితే తోటివాళ్లు నవ్విన నవ్వు మాత్రం ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

యాగం మొదలయ్యాక జనం అతని మౌనం చూసి, "ఎంత గాంభీర్యమో" అనుకుంటూ దణ్ణాలు పెట్టారు. పెట్టిన ప్రతి దణ్ణమూ దొంగసొత్తులా తోచి, అతను ఇంకాస్త ముడుచుకుని కూర్చున్నాడు.

విరామంలో బృహద్వాక్కు ఒళ్లు విరుచుకుంటూ, "ఏం బ్రహ్మగారూ, అరిచి అరిచి నా గొంతు పోయింది, పొగకు అశ్మకులవారి కళ్లు పోయాయి. కూర్చుని కూర్చుని తమకు నడుం పట్టేసిందేమో" అన్నాడు.

"ఊరుకోవయ్యా. ఆయన కన్ను పడితే చాలు, మన తప్పులన్నీ మాడి మసైపోతాయి" అన్నాడు అశ్మకుడు.

ఇద్దరూ నవ్వుకుంటూ అటు పోయారు. అది వేళాకోళమో, నిజమో ఆర్జవుడికి తేలలేదు. అతని పక్కన మిగిలింది అర్ధచంద్రాకారపు గుండంలో వెలిగే దక్షిణాగ్ని ఒక్కటే.

ఇక ప్రధానాహుతి వేళ అయింది. హోత మంత్రం చివర "వౌషట్" అని దేవతను పిలిచాకే అధ్వర్యుడు నెయ్యి వేయాలి. పిలవకుండా వడ్డిస్తే ఏ దేవుడూ ఆ విస్తరి ముట్టడు. వానదేవుడైన పర్జన్యుడికి ఇవ్వబోతుండగా అశ్మకుడి చేతిలోని గరిటె కొద్దిగా ఒరిగి, ఆ పిలుపు రాకముందే నెయ్యి జారి మంటలో పడింది. వెంటనే పిలుపూ వచ్చింది. రెప్పపాటు తేడా.

ఆర్జవుడు చూశాడు. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నిజంగా చూశానా, పొగలో భ్రమపడ్డానా? నేను పుట్టకముందు నుంచీ ఈయన నెయ్యి పోస్తున్నాడు. నేను చెప్పిందే తప్పయితే, ఇక్కడ కూర్చున్నది ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఇలా అనుకునేలోపే యాగం ముందుకు సాగిపోయింది. అంతదాకా వ్రతంగా ఉన్న మౌనం ఆ క్షణంలో అతనికి దాక్కునే చోటయింది.

మధ్యాహ్నానికి పడమట నల్లటి మేఘాలు లేచి, పొలిమేరదాకా వచ్చి, పిలవని పేరంటానికి వచ్చినవాళ్లలా కాసేపు తటపటాయించి వెనక్కి తిరిగిపోయాయి.

అది చూసి నీలవర్ధనుడు కిరీటం తీసి కింద పెట్టాడు. "మంత్రంలో లోపం లేదు, క్రియలో లోపం లేదు. ఉంటే బ్రహ్మగారు చెప్పేవారు. ఆయన మౌనంగా ఉన్నారంటే దోషం యజమానినైన నాలోనే ఉంది. పూర్ణాహుతిలో ఈ శరీరాన్నే సమర్పిస్తాను. నా పాపం నాతోనే పోనీ" అని, స్నానానికి వెళ్లాడు.

అందరూ రాజు వెంట పోయారు. ఒంటరిగా మిగిలిన ఆర్జవుడు దక్షిణాగ్ని ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"స్వామీ, నేను ఈ చోటుకు తగినవాణ్ని కాను. తగినవాడైతే ఈ పాటికి చెప్పేవాడు."

సప్తజిహ్వుడు, హవ్యవాహనుడు అయిన అగ్నిదేవుడు మంటలోంచి మెల్లగా పలికాడు. "ఏమని చెప్పేవాడు?"

"పిలుపుకు ముందే ఆహుతి పడిందని."

"పడిందా?"

"పడింది."

"అంతమంది ఉన్నారే. ఒక్కరికీ కనపడలేదేం?"

ఆర్జవుడు ఇందాక అశ్మకుడు నిలబడ్డ చోటు వంక చూశాడు.

"తెలియనివాడికి తప్పు కనపడదు నాయనా. నీకున్నది చదువు లేని బాధ కాదు. ఉన్న చదువును అరువు తెచ్చుకున్న నగలా చూసుకుంటూ, ఎప్పుడెవరొచ్చి తీసి ఇచ్చెయ్యమంటారో అని బిక్కుబిక్కుమంటున్నావు. ఆ నెయ్యి పడింది నా నోట్లోనే, నాకు తెలియదా? కానీ చెప్పే పని నాది కాదు."

"గొంతు వణుకుతుంది స్వామీ."

"వణకనీ. వణికే గొంతుతో చెప్పకూడదని ఏ వేదంలో ఉంది? మూడూ చదివావుగా."

అంతలో అందరితో తిరిగివచ్చిన రాజు తడిబట్టలతోనే అగ్నికి ప్రదక్షిణం మొదలుపెట్టాడు. ఆర్జవుడు లేచి, "ఆగండి మహారాజా" అన్నాడు. గొంతు నిజంగానే వణికింది. వణుకుతూనే జరిగింది జరిగినట్టు చెప్పాడు.

బృహద్వాక్కు కళ్లెర్రజేశాడు. "అశ్మకులవారి చేతిలోనా? తమరు పొగలో ఏం చూశారో ఏమో."

అశ్మకుడు గరిటె కింద పెట్టి, తన అరచేతిని తనే చూసుకున్నాడు. "నువ్వుండవయ్యా. ఈమధ్య చెయ్యి పట్టు తప్పుతోంది. ఎవరితో చెప్పుకోను? పడిందని నాకూ అనుమానం వచ్చింది. బ్రహ్మగారు ఊరుకున్నారు గదా, పడలేదేమో అనుకున్నాను."

"మీ చేతిలో తప్పు జరగదు గదా అని నేను ఊరుకున్నాను" అన్నాడు ఆర్జవుడు.

అధ్వర్యుడి పొరపాటుకు ప్రాయశ్చిత్తం దక్షిణాగ్నిలోనే. ఆర్జవుడు "భువః స్వాహా" అంటూ నెయ్యి వేసి, మళ్లీ మొదలుపెట్టమన్నాడు. హోత పిలిచాడు. అధ్వర్యుడు రెండు చేతులా గరిటె పట్టుకుని, పిలుపు పూర్తయ్యాక వడ్డించాడు. పొలిమేర దగ్గర వెనుదిరిగిన మేఘాలు మళ్లీ వచ్చి, యాగశాల కప్పు ఎగిరిపోయేలా కురిశాయి. రాజు వానలో నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

అప్పుడు అగ్నిదేవుడు ఆ వానలోనే ఆరకుండా, అందరికీ కనపడేలా నిలిచి, "ఆర్జవా, వరం కోరుకో" అన్నాడు.

"ఈ భయం పోవాలని అడగాలనే ఉంది స్వామీ. కానీ అది పోయినా, నేను కూర్చునే మూల మూలే. ఏదైనా మొదలుపెట్టే ముందు వీళ్లు ఒకసారి ఇటు తిరిగి నన్ను అడిగితే చాలు. అడిగితే చెప్పగలను. ఎవరూ అడగకపోతే అక్కడ ఉన్నానో లేదో నాకే తెలియడం లేదు."

"తథాస్తు" అన్నాడు వైశ్వానరుడు.

అది మొదలు కౌశేయదేశంలో ఏ యాగం జరిగినా, అధ్వర్యుడు ప్రతి క్రియకూ ముందు దక్షిణానికి తిరిగి, "బ్రహ్మగారూ, కానివ్వమంటారా?" అని అడిగేవాడు. అలా మొట్టమొదట అడిగింది అశ్మకుడే. ఆ పూట కూడా ఆర్జవుడి గొంతు పట్టేసింది. ముసలాయన తొందరపడలేదు. గరిటె ఒరగకుండా పట్టుకుని, "ఓం, కానివ్వండి" అన్న మాట వచ్చేదాకా అటే తిరిగి నిలబడ్డాడు.

ఈ కథ విన్నవారి పొలాల్లో సకాలంలో వానలు కురియుగాక. చదివినవారు తమ పక్కన మాటలేక కూర్చున్న ఒకరిని, ఈ పూటే, ఏదో ఒకటి అడుగుదురుగాక.