గొట్టం మీద చింతగింజ

జహంగీర్ ఉస్తాద్‌ను ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు చాయ్ తెప్పించుకునేవారు. చాయ్ అయిపోయేలోగా అడిగినవాడే సగం జవాబు తెలుసుకుంటాడని ఆయన నమ్మకం. పోలీసు శాఖలో ఏళ్ళ తరబడి కుర్రాళ్ళకు తుపాకీ నేర్పి, పదవీ విరమణ చేశాక మా నిర్మల్ వైపు వచ్చి స్థిరపడ్డారు. నాకు తుపాకీ పట్టడం రాదు. ఆయన దగ్గర కూర్చుని చాయ్ తాగడం మాత్రం బాగా వచ్చు. ఆ పుణ్యాన ఈ సంగతి కళ్ళారా చూశాను.

ఆ రోజు ప్రశ్న అడిగింది ఆయన శిష్యుడు నరోత్తం రెడ్డి. పంటల మీద పడే అడవిపందులను కాల్చడానికి మా మండలంలో అనుమతి ఉన్నవాడు అతనొక్కడే.

"ఉస్తాద్, నా పాత రైఫిల్ తూటల దమ్ము లేదు. గందుకే పంది బతికి పోయింది. ఇగో, మాగ్నం వచ్చింది. ఇది మంచిదా కాదా, ఒక్క మాటల చెప్పుండ్రి."

ఆ పంది సంగతి ఊరందరికీ తెలిసిందే. బాలామణి మక్కచేలో నరోత్తం దాన్ని కాలిస్తే తూటా ముందుకాలికి తగిలింది. గాయపడ్డ పంది అడవికి పోకుండా చేలోనే దాగింది. మర్నాడు కంకులు విరవడానికి వెళ్ళిన బాలామణి భర్త పోశెట్టి తొడను కోరతో చీల్చేసింది. అతను ఆసుపత్రిలో ఉన్నాడు. కంకులు ఎండిపోతున్నాయి, పైన మబ్బులు పడుతున్నాయి, చేలో కాలు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఉస్తాద్ తానే వెళ్దామనుకున్నా ఆయన కళ్ళలో శుక్లాలు.

ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న మాగ్నం రైఫిల్ ఆ వారమే నరోత్తం చేతికి వచ్చింది. దాని తూటా చూపుడు వేలికన్నా పొడుగ్గా, నున్నగా మెరుస్తోంది. అందులో మందు ఎక్కువ, వేగం ఎక్కువ. మూడు వందల గజాల దాకా గురి పెద్దగా ఎత్తక్కర్లేదని, గాలికి కూడా అంతగా లొంగదని నరోత్తం కొత్తల్లుణ్ణి పొగిడినట్టు పొగిడాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నా నాలుక చివరిదాకా వచ్చింది. ఉస్తాద్ ముఖం చూసి మింగేశాను.

అప్పటిదాకా గడప దగ్గర నిలబడ్డ బాలామణి అంది: "రెడ్డీ, నువ్వు ఏ తుపాకి తెస్తవో నాకెందుకు? నా చేన్ల నేను కాలు పెట్టాలె. గంతే."

ఉస్తాద్ చాయ్ ముగించి లేచారు. "నడువు బేటా, సూద్దాం."

పాడుబడ్డ రాళ్ళ క్వారీకి వెళ్ళాం. దూరంగా ఎదుటి గోడకు ఆనించి ఉన్న బండకు సున్నం పూయించారు. నరోత్తం మొదటి తూటా పేల్చేసరికి క్వారీ అంతా దద్దరిల్లింది, బండ ముక్కలై రాలింది. ఉస్తాద్ "వాహ్!" అని చప్పట్లు కొట్టారు. అది వెటకారం కాదు, నిజంగానే ముచ్చటపడ్డారు. ఇంకో బండ చూపించారు. రెండో తూటా అంచుకు తగిలింది. మూడోదానికి దుమ్ము ఎక్కడో లేచింది. నరోత్తం భుజం రుద్దుకుంటూ గాలి తోసేస్తోందన్నాడు. అక్కడ గడ్డిపరక కదిలితే ఒట్టు.

"ఇగ నేను నింపిస్త. నువ్వు గురి పెట్టి కాల్చు, సాలు," అన్నారు ఉస్తాద్. వెనక్కి తిరిగి ఏదో చేసి రైఫిల్ అతని చేతికిచ్చారు.

నరోత్తం ట్రిగ్గర్ నొక్కాడు. టిక్కుమంది. అంతే, లోపల తూటా లేదు. నరోత్తం మాత్రం అది పేలినట్టే కదిలాడు. కళ్ళు మూసుకుపోయాయి, భుజం ముందుకు తోసుకొచ్చింది, గొట్టం మూతి కిందికి వంగింది. ఖాళీ తుపాకీకి అంత పెద్ద మనిషి ఉలిక్కిపడ్డాడు.

నాకు నవ్వొచ్చింది గాని, ఎవరూ నవ్వలేదు. ఉస్తాద్ వెంట తెప్పించిన పాత రైఫిల్ తీసి, దాన్నీ అలాగే ఇచ్చారు. మళ్ళీ టిక్కుమంది. మళ్ళీ మూతి వంగింది, ఈసారి కొంచెమే. గుండెకు పెట్టిన గురి కాలికి దిగడానికి ఆ కొంచెం చాలు.

నరోత్తం అక్కడే రాయి మీద కూలబడ్డాడు. "పోశెట్టి తొడ..." అని ఆగిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గర్విష్ఠి అని నేను అన్నాళ్ళూ అతణ్ణి ఇష్టపడలేదు. ఆ నిమిషంలో మాత్రం అతని మీద జాలే కలిగింది.

ఉస్తాద్ ఓదార్చలేదు. జేబులోంచి అష్టాచెమ్మ ఆడుకునే చింతగింజ బద్ద ఒకటి తీసి, పాత రైఫిల్ గొట్టం చివర నిలబెట్టారు. "లోపల ఏం లేదని నువ్వే సూసుకో, నొక్కు. గింజ పడొద్దు," అన్నారు. పడింది. మళ్ళీ పెట్టారు. చీకటి పడేదాకా అదే పని. మర్నాడు పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా కూడా అదే. చివరికి ఆ గింజ గొట్టం మీద తనకు సంబంధం లేనట్టు నిలబడడం నేను చూశాను.

ఆ సాయంత్రమే ఇద్దరూ బాలామణి చేను అంచున ఉన్న మంచె ఎక్కారు. నరోత్తం ఏ రైఫిల్ అన్నట్టు చూస్తే ఉస్తాద్ పాతదాన్నే తీశారు. "పంది గీ మంచె కిందికే వస్తది. గింత దగ్గరికి గంత దూరం తూట ఎందుకు? అది పందిని దాటి ఎటు పోతదో మనకు చెప్పి పోతదా?" అని, మళ్ళీ వెనక్కి తిరిగి రైఫిల్‌ను తానే సిద్ధం చేసి ఇచ్చారు. నిండుదో ఖాళీదో చెప్పలేదు. నరోత్తం అడగలేదు.

వాళ్ళను మంచె మీద వదిలి వచ్చి నేను బాలామణి ఇంటి ముందు కూర్చున్నాను. వెలుతురు ఇంకా ఉండగానే ఒకే ఒక్క చప్పుడు వినిపించింది. రెండోది ఎక్కడ వినాల్సి వస్తుందోనని ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. అది రాలేదు.

పంది పడ్డచోటే పడి ఉంది, కదల్లేదు. నరోత్తం తర్వాత నాతో అన్నాడు: "నొక్కేటప్పుడు గింజనే యాదికున్నది సార్. పేలినంక నాకే పరేషానయింది, లోపల తూట ఉన్నదా అని."

తెల్లారి బాలామణి చేలోకి నడిచి, అంచున ఉన్న మొదటి కంకి విరిచి బుట్టలో వేసింది. ఆ చప్పుడు వింటూ మేం ముగ్గురం గట్టు మీద చాయ్ తాగుతున్నాం. నరోత్తం తల వంచుకుని అడిగాడు.

"ఉస్తాద్, ఇగ మాగ్నం అమ్మెయ్యమంటరా?"

ఉస్తాద్ ఈసారి చాయ్ అయిపోయేదాకా ఆగలేదు.

"ఎందుకు అమ్ముతవ్ బేటా? మస్తు తూట అది. దాన్ని పట్టేటోడే, ఇగో, ఇప్పుడిప్పుడే వస్తున్నడు."