గుమాస్తా నక్క గోనెసంచి

కొల్లేటి మధ్య లంకలో నీళ్ళు పెరుగుతున్నాయి. జంతువులన్నీ మూటాముల్లె సర్దుకుని రేవుకు చేరాయి. వాటిని వీపు మీద ఎక్కించుకుని అవతలి గట్టుకు చేర్చేది పెద్దిరాజు అనే గూడబాతు. తూకం చూసే గుమాస్తా ఉద్యోగం సాంబయ్య నక్కది. నక్క చేతికి కాటా ఇస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను.

రేవులో నియమం ఒకటే. మూట ఒక వెలగకాయ బరువు దాటకూడదు. దాటితే సగం వదిలెయ్యాలి.

నూకాలు అనే చిట్టెలుక తన వడ్లగింజల మూటను కాటాలో పెట్టింది. పిల్లలు ఆరుగురూ తండ్రితో ముందే అవతలికి వెళ్ళారు. వానలు తగ్గేదాకా వాళ్ళకు ఆ గింజలే తిండి.

"రెండు వెలగకాయలు తూగిందమ్మా. సగం తీసెయ్," అంది నక్క.

"అదేంటండీ గుమాస్తాగారూ, ఇందాక పందికొక్కు బావను ఊరికే ఎక్కించారుగా. నేనూ నా మూటా కలిపినా ఆయనలో సగం ఉండం."

"ఆయనకు మూట లేదుగా. ఒళ్ళు లెక్కలోకి రాదు, మూటే వస్తుంది."

"మోసే పెద్దిరాజుగారికి ఒళ్ళయితేనేం, మూటయితేనేం?"

"ఆయన నడుం కోసమేనమ్మా నా పాట్లన్నీ. వెనక చాలామంది ఉన్నారు, తొందరగా తేల్చు."

నూకాలుకు ఒళ్ళు మండింది. వదిలేసిన సగాలన్నీ నక్క వెనకున్న గోనెసంచిలోకి చేరడం కళ్ళారా చూస్తోంది మరి.

"ఆ సంచి మాటేంటండి?"

"అది ఆఫీసు సామాను. దానికి తూకం లేదు. రోజూ ఆఖరి ట్రిప్పులో అవతలికి వెళ్తుంది."

నూకాలు ఒక్క క్షణం ఆలోచించింది. "సగం ఎందుకులెండి, మొత్తం ఉంచేసుకోండి. ఆ ట్రిప్పులోనే నన్నూ ఓ మూల ఎక్కించండి, చాలు."

నక్క మొహం వెలిగిపోయింది. గింజలన్నీ సంచిలో పోసుకుని, దాని పక్కనే నూకాలుకు చోటిచ్చింది. గోనెసంచి పక్కన ఎలుకను కూర్చోబెట్టడం బుర్ర ఉన్నవాళ్ళు చేసే పని కాదు, కానీ ఆశ ముందు బుర్ర ఎక్కడ పనిచేస్తుంది?

దారి పొడుగునా నూకాలు సంచి అడుగు కొరుకుతూనే ఉంది. రెండు పోగులు మాత్రం మిగిల్చింది. పెద్దిరాజు గట్టు మీద దిగిన కుదుపుకు అవీ తెగి, సరుకంతా నేల మీద కుప్పపడింది.

"ఆ వేరుశనక్కాయలు నావి," అంది ముందే గట్టు చేరిన ఉడుత.

"ఆ దుంపలు నావే," అంది ముళ్ళపంది.

పెద్దిరాజు తెల్లబోయింది. "నా నడుం కోసం ఇవన్నీ రేవులోనే వదిలేయిస్తున్నానన్నాడే సాంబయ్య! రోజూ నా ప్రాణం తీస్తున్నది ఇవేనా?"

"మా దగ్గరున్నంతసేపూ బరువండి. ఆయన సంచిలో పడగానే తేలికైపోయాయి," అంది నూకాలు.

ఎవరివి వాళ్ళు ఏరుకున్నారు. నూకాలు పిల్లలు బుగ్గలు ఉబ్బేలా తింటుంటే, దానికి చూస్తూనే కడుపు నిండిపోయింది.

మర్నాడు లంక మునగబోతుంటే నక్క తానూ బయల్దేరింది. పెద్దిరాజు కాటా వైపు ముక్కుతో చూపించింది.

"ఒళ్ళు లెక్కలోకి రాదు కదా పెద్దిరాజూ," అని నసిగింది నక్క.

"మిగతావాళ్ళది రాదు. నీది ఆఫీసు సామాను, దాన్ని ఈ రోజు నుంచీ తూస్తున్నాం."

నలభై వెలగకాయలు తూగింది. పాపం, సాంబయ్య ఈదుకుంటూ వచ్చింది.

నీతి: కాటా పట్టుకున్నవాడి మూట కూడా కాటాలోకి ఎక్కితేనే అది న్యాయమైన తూకం.